నొగ మీద బరువు

మా బావమరిది లెక్క ఎప్పుడూ ఒకటే. వాడి గంట ఖరీదు 70 డాలర్లు. ఇంటి ముందు గడ్డి కోసుకోవడానికి గంటన్నర పడితే 105 డాలర్లు పోయినట్టు. అదే 45 డాలర్లకి ఎవరిచేతైనా కోయిస్తే 60 డాలర్లు మిగిలినట్టు. ఆ మిగిలిన 60 ఎక్కడున్నాయిరా అంటే మాత్రం చూపించడు. శనివారం పొద్దున ఆ గంటన్నరకి వాడి చేతిలో ఎవరూ 105 డాలర్లు పెట్టడం నేనైతే చూళ్లేదు. సోఫాలో పడుకుని క్రికెట్టు చూస్తుంటాడు.

మా టొయోటా రావ్4 కారుకి హిచ్ నేనే బిగించుకుంటానన్నప్పుడు కూడా అదే లెక్క తీశాడు. హిచ్ 190 డాలర్లు, వైరింగ్ 60. షాపులో బిగించడానికి కూలి 280 అన్నారు. "నీకు రోజంతా పడుతుంది బావా, రోజుకెంతో చూసుకో" అన్నాడు. రోజంతా పట్టిన మాట నిజమే. పొద్దున తొమ్మిదికి బండి కింద దూరితే, పూర్తిగా బయటపడేసరికి సాయంత్రం ఆరయింది. డబ్బులే లెక్కయితే వాడే గెలిచాడు, ఆ గొడవ అక్కడితో వదిలేద్దాం. నా వాదన వేరే.

హిచ్ అంటే వెనక బంపరు కింద అడ్డంగా బిగించే ఇనప దూలం. దాని మధ్యలో ఒక చదరపు గొట్టం ఉంటుంది. అందులోకి సైకిళ్ల స్టాండో, సామాన్ల తట్టో, ట్రైలరు తగిలించే గుండో దూర్చి అడ్డంగా పిన్ను వేసుకోవచ్చు. మన ఊళ్లలో ట్రాక్టరు వెనక ట్రక్కు తగిలించే హుక్కుకి దూరపు చుట్టం. ఇక్కడ ఒహాయోలో పికప్పులకి సరే, చిన్న ఎస్‌యూవీలకి కూడా వీధికి నాలుగు కనిపిస్తాయి. మనవాళ్లు ఎక్కువగా పిల్లల సైకిళ్ల కోసం, క్యాంపింగు సామాన్ల కోసం పెట్టించుకుంటారు.

బావమరిది కూడా తన బండికి పెట్టించుకున్నాడు, షాపులోనే. గంటన్నరలో పని అయిపోయిందట. దాని మీద స్టిక్కరు ఉంది: ట్రైలరు బరువు 3,500 పౌండ్లు, నొగ మీద బరువు (ట్రైలరు ముందు కొస హిచ్ మీద మోపేది) 350 పౌండ్లు. అప్పట్నించి వాడి బండి 3,500 పౌండ్లు లాగుతుందని అందరికీ చెబుతున్నాడు. ఒకసారి వాడి బండి మాన్యువల్ తీసి చూపించాను. 1,500 పౌండ్లు అని ఉంది. మాది 2015 రావ్4, దానిదీ 1,500 పౌండ్లే, అంటే 680 కిలోలు. మరి స్టిక్కరు మీద అంకె? అది ఇనప దూలం గురించి, బండి గురించి కాదు. నవారు మంచం కోళ్లకి ఏనుగుని కట్టే గొలుసు చుట్టినంత మాత్రాన మంచం ఏనుగుని మోయదు.

"అయితే షాపువాడు చెప్పొద్దా?" అన్నాడు. వాడేం చెప్తాడు. బిగించమన్నారు, బిగించాడు. నువ్వడగలేదు, నీకు అడగాలని తెలీదు. నా వాదన మొత్తం ఇక్కడే ఉంది: రోజంతా ఆ బండి కింద వెల్లకిలా పడుకున్నవాడికి ఆ 1,500 ఎందుకో కళ్లకి కనిపిస్తుంది, ఎవరూ చెప్పక్కర్లేదు.

నాకేం కనిపించిందో చెబుతాను. పికప్పుకి, మన లారీకి ఉన్నట్టు దీనికి వేరే చాసిస్ లేదు. వెనక చక్రాల దగ్గర్నించి బంపరు దాకా రెండు పక్కలా పెట్టెలా మడిచిన రేకు పట్టీలున్నాయి, లోపల బోలు. ఆ రేకుకే, లోపలి పక్కన, ఫ్యాక్టరీలో నట్లు వెల్డింగ్ చేసి పెట్టారు. రబ్బరు మూత పీకేస్తే నట్టు కనిపిస్తుంది. మా హిచ్ అలా పక్కకి మూడేసి బోల్టుల మీద వేలాడుతుంది. బండి ఎన్ని వేల పౌండ్లు లాగినా ఆ లాగుడంతా ఆరు నట్ల చుట్టూ ఉన్న అరచేయంత రేకు మీదే. అదొక్కటే కాదు, బ్రేకులు, గేర్‌బాక్సు వేడి, బండి సొంత బరువు అన్నీ కలిస్తే ఆ అంకె వస్తుంది. అరిజోనాలో డేవిస్ డ్యామ్ దగ్గర 11 మైళ్ల పైచిలుకు ఎక్కుడు రోడ్డుంది. లాగే బరువు తేల్చడానికి అమెరికాలో రాసుకున్న ప్రమాణం ఆ రోడ్డునే కొలతగా పెట్టుకుంది: మండే ఎండలో, ఏసీ పూర్తిగా వేసి, బరువుతో ఎక్కాలి. మన ఊరి సంతకి ఒకసారి లాగేశాం కదా అంటే కుదరదు.

ఇంకో వాదన ఇంటర్నెట్టులో దొరుకుతుంది, బావమరిది దాన్నీ పట్టుకొచ్చాడు. ఇదే బండి యూరప్‌లో అంతకు రెట్టింపు పైగా లాగుతుందని రాసిస్తారట. నిజమే. కానీ అక్కడ 750 కిలోలు దాటిన ట్రైలరుకి సొంత బ్రేకులు ఉండి తీరాలి. జర్మనీలో ట్రైలరు తగిలించిన కారు మామూలుగా గంటకి 80 కిలోమీటర్లు దాటకూడదు. ఇక్కడ ఇంటర్‌స్టేట్ మీద 70 మైళ్లలో, అంటే 112 కిలోమీటర్లలో పోతూ, బ్రేకుల్లేని ట్రైలరుకి వాళ్ల అంకె వాడుకుంటానంటే ఎలా?

సరే, పని సంగతి.

ముందు జాగ్రత్త ఒకటే, దాని దగ్గర నాకు సరదా లేదు. జాకీ మీద మాత్రమే నిలబెట్టిన బండి కిందకి తల పెట్టకూడదు. జాకీ ఎత్తడానికి, స్టాండ్లు మొయ్యడానికి. ముందు చక్రాలకి చెక్క దిమ్మెలు అడ్డం, హ్యాండ్ బ్రేకు, వెనక రెండు స్టాండ్లు. కిందకి దూరే ముందు బండిని రెండు చేతుల్తో గట్టిగా ఊపి చూడాలి, కదిలితే మళ్లీ మొదటికి.

నాన్న ఆ వేసవికి మా దగ్గరే ఉన్నారు. బాపట్ల పక్క పల్లెలో నలభై ఏళ్లు వ్యవసాయం చేసి, సగం ఎద్దుల బండితో, సగం ట్రాక్టరుతో గడిపిన మనిషి. డ్రైవ్‌వేలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, తలకి తువ్వాలు చుట్టుకుని కూర్చున్నారు. ఎదురింటివాళ్లు ఆయన్ని మేస్త్రీ అనుకుని ఉంటారు. అడక్కుండా సలహా చెప్పే అలవాటు లేదాయనకి, అడిగితే మాత్రం పది చెబుతారు.

సైలెన్సరుని వేలాడదీసే రబ్బరు బుష్షులు తియ్యాలి, అది కాస్త కిందకి దిగితే గాని దూలం పైకి వెళ్లదు. సబ్బునీళ్లు కొట్టి, పెద్ద స్క్రూడ్రైవరు పెట్టి నెట్టితే ఊడాయి. అరగంట పని, రాసుకునేంత లేదు. అసలు కథ నట్ల దగ్గర.

ఒహాయోలో చలికాలం రోడ్ల మీద ఉప్పు జల్లుతారు. ఏళ్ల తరబడి ఆ ఉప్పునీళ్లు తాగిన నట్లవి. మొదటి బోల్టు వేళ్లతో మూడు చుట్లు హాయిగా తిరిగింది. నాలుగో చుట్టు సగంలో ఆగింది. పానా పెట్టాను. ఇంకో అర చుట్టు తిరిగి కీచుమంది. అక్కడ నాకు బుద్ధి పుట్టి వెనక్కి తిప్పేశాను. బయటికొచ్చిన బోల్టుని ఎండలో పెట్టి చూస్తే మరల మధ్య ఎర్రటి తుప్పు పిండి, దాంతో పాటు ఒకచోట వెంట్రుకంత సన్నగా, వెండిలా మెరిసే తీగ. ఆ తీగ తుప్పు కాదు. అది నట్టు మర. ఇంకో రెండు చుట్లు బలంగా తిప్పి ఉంటే మర పూర్తిగా తెగిపోయేది, ఆ నట్టు పెట్టె లోపల వెల్డింగ్ అయి ఉంది కాబట్టి మార్చడానికి రేకు కొయ్యాలి.

పక్కింటి పెద్దాయన, రిటైరైన మెషినిస్టు, కంచె మీదనించి చూస్తూనే ఉన్నాడు. లోపలికి వెళ్లి ఒక పాత బోల్టు పట్టుకొచ్చాడు, అదే సైజు, అదే మర. దానికి పొడుగునా హ్యాక్‌సా రంపంతో రెండు గాళ్లు కోశాడు. అంతే. ఆ బోల్టుని నూనె రాసి నట్టులోకి అర చుట్టు ముందుకి, పావు చుట్టు వెనక్కి తిప్పుతూ పోతే, తుప్పంతా ఆ గాళ్లలోకి చేరి బయటికొస్తుంది. మధ్యమధ్యలో తుప్పు వదిలించే నూనె కొట్టి బ్రష్‌తో తోమాలి. సరిపోయే బ్రష్ ఇంట్లో ఒకటే దొరికింది, మా చిన్నదాని పాలసీసా బ్రష్. ఆ సంగతి మా ఆవిడకి ఇది చదివాకే తెలుస్తుంది. ఆరు నట్లకి రెండున్నర గంటలు పట్టింది. ఆ తరవాత ప్రతి బోల్టు చివరిదాకా వేళ్లతోనే దిగింది. మర శుభ్రంగా ఉన్న నట్టులోకి బోల్టు దిగుతుంటే చేతికి తెలిసే ఆ నున్నదనం, అది మాటల్లో పెట్టడం కష్టం.

షాపులో అయితే ఏం జరిగేది? మంచి మేస్త్రీ నాలాగే ఆగేవాడు, అలాంటివాళ్లు బోలెడుమంది ఉన్నారు. గంటన్నరలో ఇంకో బండి ఎక్కించాల్సిన కుర్రాడైతే బోల్టులు బిగించే గన్ను పెట్టి కొట్టేస్తాడు, బోల్టు దిగిపోతుంది, పైకి అంతా బాగానే ఉంటుంది. ఎవరికి ఎవరు దొరుకుతారో నాకు తెలీదు, నీకూ తెలీదు. బావమరిది బోల్టులు ఎలా దిగాయో వాడికి ఎప్పటికీ తెలీదు.

దూలం 35 పౌండ్లుంటుంది. చేత్తో మోస్తే ఏమీ కాదు. వెల్లకిలా పడుకుని, ఛాతీ మీద పెట్టుకుని, ఒక చేత్తో పైకెత్తి, రెండో చేత్తో బోల్టు వెతుక్కుంటే అది వేరే 35 పౌండ్లు. రెండుసార్లు దించాను. మూడోసారి నాన్న కుర్చీలోంచి లేచి, జాకీ మీద చెక్క ముక్క పెట్టి, దాని మీద దూలం ఆనించి మెల్లగా ఎత్తారు. "మీద వేసుకుని మొయ్యాలని ఎవరు చెప్పార్రా?" అన్నారు. అన్ని బోల్టులూ వేళ్లతో పట్టించాకే టార్క్ రెంచ్, అంటే ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచే పానా. మా కాగితంలో 75 అడుగు-పౌండ్లు అని ఉంది. ఆ రెంచ్ టక్కుమనగానే ఆపాలి, ఇంకొంచెం బిగిద్దాం అనే మన దేశవాళీ ఆత్రం ఇక్కడ పనికిరాదు.

వైరింగు గురించి నేను కొంచెం తగ్గే మాట్లాడాలి. ట్రైలరుకి నాలుగు వైర్లు: తెలుపు ఎర్తు, గోధుమరంగు వెనక లైట్లు, పసుపు ఎడమ ఇండికేటరు, బ్రేకు, ఆకుపచ్చ కుడి ఇండికేటరు, బ్రేకు. ట్రైలరులో బ్రేకుకీ ఇండికేటరుకీ ఒకటే బల్బు. మా బండిలో వేర్వేరు. అందుకని రెంటినీ కలిపే చిన్న డబ్బా ఒకటి మధ్యలో పెట్టాలి. అన్నీ పెట్టి ఎడమ ఇండికేటరు వేస్తే ట్రైలరుకున్న లైట్లన్నీ కలిసి మినుకుమినుకుమన్నాయి, దీపావళికి సగం కాలిన సీరియల్ సెట్టులా. గంటసేపు ప్రతి వైరూ ఊడదీసి పెట్టాను. చివరికి తప్పు తెల్ల వైరుది. దాన్ని పెయింటు మీద బిగించాను. ఎర్తు సరిగ్గా అందకపోతే కరెంటు తిరిగి వెళ్లడానికి వేరే దారి వెతుక్కుని పక్క బల్బులోంచి దూరుతుంది. రూపాయి బిళ్లంత మేర పెయింటు గీకి, మెరిసే ఇనుము మీద బిగిస్తే ఒక్క క్షణంలో అంతా సర్దుకుంది.

ఇది చేతకానివాళ్లు ఈ ముక్క వరకు బయట చేయించుకుంటే నాకేం అభ్యంతరం లేదు. అయితే కంపెనీ సరుకైతే నిశ్చింత అనుకోవడానికి లేదు. 2022 ఆగస్టులో హ్యుందాయ్ పాలిసేడ్, కియా టెల్యూరైడ్ బండ్లు దాదాపు 2,80,000 అమెరికాలో రీకాల్ అయ్యాయి. కారణం ఈ హిచ్ వైరింగే, కంపెనీ యాక్సెసరీగా అమ్మినది. ఆ డబ్బాలోకి చెమ్మ, చెత్త చేరి షార్ట్ అయితే మంటలు రావచ్చని, బాగుచేసేదాకా ఇంటికి దూరంగా ఆరుబయట నిలుపుకోమన్నారు. అది చదివాక నేను మా డబ్బాని కింద కాకుండా డిక్కీ లోపల, తడి తగలని చోట పెట్టాను, బ్యాటరీ వైరుకి ఫ్యూజు బ్యాటరీ పక్కనే వేశాను.

ఇప్పుడు అంకెల దగ్గరికి మళ్లీ వస్తాను, ఎందుకంటే వ్యవహారమంతా వాటిలోనే ఉంది. ట్రైలరు ముందు భాగం హిచ్ గుండు మీద నిలువుగా మోపే బరువుని ఇంగ్లీషువాళ్లు నాలుక బరువు అంటారు. మా బండికి అది 150 పౌండ్లు. సైకిళ్ల స్టాండు పెట్టినా, సామాన్ల తట్ట పెట్టినా ఇదే హద్దు. మా నాలుగు సైకిళ్ల స్టాండు 48 పౌండ్లు. నా సైకిలు 33, మా ఆవిడది 31, పిల్లలవి 24, 20. మొత్తం 156. ఆరు పౌండ్లేగా అంటారు. అందుకే మా చిన్నదాని సైకిలు కారు లోపలే, సీటు వెనక ప్రయాణం చేస్తుంది.

బావమరిది తట్ట మీద 500 పౌండ్లని పోతపోసి ఉంది. తట్టే 50 పౌండ్లు, వాడి బండి హద్దూ 150 అనుకుంటే మిగిలేది 100. హాకింగ్ హిల్స్‌కి క్యాంపింగుకి వెళ్లేటప్పుడు దాని మీద ఐసు నింపిన కూలరు, గ్యాస్ స్టవ్వు, రెండు టెంట్లు, నీళ్ల కేసులు, సోనా మసూరి బస్తా, ఇంకా ఇడ్లీ పిండి డబ్బా ఎక్కించాడు. దార్లో చీకటి పడ్డాక ఎదురొచ్చే ప్రతి బండీ వీడికి లైటు కొడుతూనే ఉంది. హైబీమ్ వేశావేమో చూడరా అన్నాను. వెయ్యలేదు. వెనక కుంగి ముందు లేచింది, అందుకే హెడ్‌లైట్లు ఎదుటివాళ్ల కళ్లలోకి కొడుతున్నాయి. ముందు చక్రాల మీద బరువు తగ్గితే స్టీరింగూ బ్రేకూ కూడా తగ్గుతాయి. దారి పొడుగునా జనం లైట్లతో చెప్పిన ఆ మాట వాడికి అర్థం కాలేదు.

మేం చిన్న ట్రైలరు కొన్నది మట్టి కోసం. పెరట్లో గోంగూర, బీర, ఆనప వేద్దామని. ట్రైలరు ఖాళీగా 400 పౌండ్లు. మట్టి అమ్మే యార్డులో లోడరు కుర్రాడు "ఎన్ని యార్డులు?" అన్నాడు. యార్డంటే ఇక్కడ ఘన గజం. ఒక ఘన గజం మట్టి సుమారు 2,000 పౌండ్లుంటుంది, వాన పడితే ఇంకా ఎక్కువ. అందుకని అర గజమే అన్నాను. అంత దూరం వచ్చి అర గజమేనా అన్నట్టు చూశాడు. పోశాడు, మొత్తం వెనక సగంలో పోశాడు.

నాన్న కారు దిగి పక్కనించి ఒక్కసారి చూశారు. "ఏరా, నొగ తేలుతోంది" అన్నారు.

ఎద్దుల బండి తోలినవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. బరువు వెనక్కి మొగ్గితే నొగ పైకి లేస్తుంది, కాడి లేచి ఎద్దుల మెడ కింద పలుపు బిగుసుకుంటుంది. మరీ ముందుకి మొగ్గితే కాడి మెడ మీద కూర్చుని ఎద్దు మోకాళ్లు వంగుతాయి. వడ్ల బస్తాలు ఎత్తేటప్పుడు ఒకడు నొగ పట్టుకుని తూకం చూసేవాడట. ఇక్కడ అద్దె ట్రైలర్ల లోపల, సరుకులో 60 శాతం ముందు సగంలో పెట్టమని రాసి ఉంటుంది. నొగ తేలితే ఇక్కడ ఎద్దుకి ఉరి పడదు గాని, హైవే మీద ట్రైలరు పాములా అటూ ఇటూ ఊగి బండిని కూడా తనతో పక్కకి ఈడుస్తుంది.

డిక్కీలో బాత్‌రూము తూకం మిషను ఉంది. మా ఆవిడ దాని మీద ఎన్ని జోకులు వేసిందో. ట్రైలరు కొక్కెం కింద ఒక దిమ్మె పెట్టి, దాన్ని మిషను మీద ఆనిస్తే 40 పౌండ్లు చూపించింది. నేనూ నాన్నా పారలు తీసుకుని మట్టిని ముందుకి లాగాం. 90. ఇంకాస్త. 140. ట్రైలరూ మట్టీ కలిసి 1,400 పౌండ్లనుకుంటే, నొగ మీద కనీసం పదో వంతు, 140 పౌండ్లు ఉండాలి. 150 దాటితే బండి ఒప్పుకోదు. ఈ సన్నటి సందులోనే చిన్న ఎస్‌యూవీ బతుకంతా. ఈ సందు ఉందని కూడా తెలియనివాడు పెద్ద స్టిక్కరు చూసుకుని గజం మట్టి పోయించుకుంటాడు. గంటకి 55 మైళ్లు దాటకుండా ఇంటికొచ్చాం. మర్నాడు బోల్టులన్నీ మళ్లీ రెంచ్ పెట్టి చూస్తే ఒకటి పావు చుట్టు తీసుకుంది.

తుప్పు పట్టి రేకే పొరలుగా ఊడుతున్న బండయితే ఈ పనే వద్దు, ఇంట్లోనూ వద్దు, షాపులోనూ వద్దు. స్టాండ్లు లేనివాళ్లు, కాంక్రీటు నేల లేనివాళ్లు కూడా మానుకోవాలి. మిగతావాళ్లు గంట ఖరీదు కట్టే ముందు ఒకసారి మాన్యువల్‌లో ఆ రెండు అంకెలు వెతకండి. వెతకడానికే బద్ధకమైతే హిచ్ అక్కర్లేదు.

హిచ్ వల్ల నాకు జరిగిన నష్టం ఒక్కటే. డిక్కీలోంచి కూరగాయల సంచులు తీసి వెనక్కి తిరిగేటప్పుడు ఆ చదరపు గొట్టం అంచు సరిగ్గా మోకాలి కింద ఎముకకి తగులుతుంది. మొదటి నెలలో మూడుసార్లు తగిలింది, నల్లటి మచ్చ ఇంకా పోలేదు. నాన్నకి ఫోన్లో చెబితే బాగా నవ్వి, "ఏ కాలురా?" అని అడిగారు. కుడికాలు అన్నాను. ఆయనకి ఎడమ కాలట, పాత ట్రాక్టరు హుక్కు.